తొమ్మిది చీరలు

మొదటి చీర నాది.
మెరూన్ రంగు, రాజంపేట సంతలో కంతుల మీద కొన్నది.
కువైటుకొచ్చి నాలుగేండ్లయినా మడత విప్పలేదు.
హసావిలో మా శుక్రవారం రూముకొచ్చి
నాటకం కమిటీవాళ్లు అడిగితే ఇచ్చేసినా.

ద్రౌపది వేషం నాగేంద్రది.
షువైఖ్ గోదాములో ఫోర్క్‌లిఫ్టు తోల్తాడు.
మీసం తీయనని మూడు వారాలు మొండికేసి
అధ్యక్షుడు ఐదు దినార్లిస్తే గీయించుకున్యాడు.
ఆడోళ్లు స్టేజీ ఎక్కితే బాగుండదంట.
ఆడోళ్లకు మహిళా విభాగం ఉండాదంట:
నాలుగొందల వడలు,
నాయకుడి పుట్టినరోజు కేకు పక్కన
ఫొటోకి ముందు వరస.

నా పేరు దస్తగిరమ్మ.
ఇంటామెను ఇక్కడ మామా అని పిలవల్ల.
మా ఊర్లో ఆ మాటకు మీసాలుంటాయి.
మామా మొదటిరోజే అడిగింది, ముస్లిమువా అని.
కాదంటే, మరి ఈ పేరేందని.
ముగ్గురు బిడ్డలు పోయినాక నేను నిలబడితే
దర్గా మెట్ల మీద, సాంబ్రాణి పొగలో
మాయమ్మ పెట్టిన పేరని
నాకొచ్చిన పదకొండు అరబ్బీ మాటల్తో
ఎట్ల చెప్పేది?

రిహార్సల్లో నాగేంద్ర ఏడుపు
ఫోర్క్‌లిఫ్టు రివర్సు పోయినట్టే ఉండింది.
"భయపడ్రా, నువ్విప్పుడు ఆడదానివి"
అని హార్మోనియం ఓబులయ్య కేకలు.
నేను పిండి రుబ్బుతా ఉండి, ఊరికే ఉండలేక,
ఆయమ్మ ఏడ్చలేదు సారూ, అడిగింది, అన్యాను.
ఏమడిగింది?
మొగుడు ముందు తన్ను పోగొట్టుకున్యాడా, నన్నా?
తానే ఇంకొకరి సొత్తయినోడు
నన్ను పందెం కాసేదానికి ఎవురు? అని.

ఆ లెక్క నాకు తెలుసు.
నా వేలిముద్ర కన్నా ముందు
ఏజెంటు కాగితం మీద మా ఆయన సంతకం పడింది.
పాస్‌పోర్టు బాబా డ్రాయర్లో, అత్తరు సీసాల పక్కన.
గురువారం రాత్రి దివానియాలో పెద్దమనుషులు
దేశం గురించి, న్యాయం గురించి,
చమురు ధర గురించి మాట్లాడ్తారు.
టీ ట్రే పట్టుకొని తలుపు కాడ నేను.
సభ ఎట్లుంటుందో
నాకెవురూ వేషం కట్టి చూపియ్యక్కర్లా.

కృష్ణుడు ట్రావెల్స్ ఓనరు.
అభయమిచ్చే ఆ చెయ్యే
టికెట్టుకు ముప్పై దినార్లు ఎక్కువ తీసుకునేది.
తెర వెనక నుంచి దేవుడు పంపే చీరలు మొత్తం తొమ్మిది.
సలోమి క్రిస్మసుకు కట్టుకునే తెల్లది,
మహబూబ్బీ పెండ్లినాటి ఆకుపచ్చది,
కుళ్ళాయమ్మ అప్పు తీరినాక కొనుక్కున్న నైలెక్సు.
తొమ్మిదీ మా రూము పెట్టెల్లోవే,
కొంగుకు కొంగు ముడేసి, పిన్నీసులు గుచ్చి.

నాటకం రోజు మామా ఇంటికి చుట్టాలు.
బాబా దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తా,
సలోమి ఫోను ఆపకుండా పెట్టుంటే
చెవిలో తీగ పెట్టుకొని విన్యాను.
హీరో పేరుకు ఈలలు. నాయకుడి సందేశానికి చప్పట్లు.
చిన్నపిల్లల చేత
పెద్దోళ్ల పాటకు నడుములు తిప్పించినారు.
తర్వాత సభ.
నాగేంద్ర ఏడ్చలేదు.
అడిగినాడు.
పుస్తకంలో "ఎవ్వరు" అని ఉండాది,
వాడు "ఎవురు" అన్యాడు, నా మాదిరే.
కాసేపు దగ్గులు కూడా వినపళ్లేదు.
ఓబులయ్యకు భయమేసిందేమో,
హార్మోనియం ముందే మొదలుపెట్టినాడు.
కృష్ణుడు వచ్చేసినాడు.
కాలరు మాడిన వాసనొచ్చి నేను ఇస్త్రీపెట్టె ఎత్తినా.

మళ్లీ శుక్రవారం
నల్ల చెత్తకవర్లో చీరలొచ్చినాయి.
నా దానికి పౌడరు, చెమట, ఒక చిరుగు.
లెక్కబెడితే ఎనిమిది.
సలోమి తెల్లచీర లేదు.
"దేవుడి కాడే ఉండిపోయిందేమో"
అని నవ్వినాడు, కవరు తెచ్చిన పిల్లోడు.
సలోమి నవ్వలేదు.
ఫర్వానియాలో ట్రావెల్స్ ఆఫీసు ఎన్నిటికి మూస్తారని అడిగి
చెప్పులేసుకుంది.
మహబూబ్బీ పొయ్యి ఆపేసింది.
బయట దుమ్ముగాలి.
ఎనిమిదిమందిమీ మూతులకు కొంగులు చుట్టుకొని
మెట్లు దిగినాం.